ఎత్తు మడుల్లో గరిక, తుంగ, మిగతా కలుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమ. పెరట్లో ఎత్తు మడులు కట్టి కూరగాయలు పండించడం మొదలుపెట్టాక నన్ను ఎక్కువమంది అడిగింది పురుగుల గురించో ఎరువుల గురించో కాదు, కలుపు గురించి. తొలకరి పడిందంటే చాలు, అవే ప్రశ్నలు మళ్లీ మొదలు. అందుకని అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## మడి కట్టక ముందు

ఎత్తు మడి కడితే కలుపు రాదన్నారు. కట్టాం. మరి ఎందుకొస్తోందండీ?

మన డెల్టాలో ఎత్తు మడి కట్టేది ముఖ్యంగా నీరు నిలవకుండా. నల్లరేగడి, పైపైనే ఊట, ఆగస్టులో వాన: నేల మీద వేసిన వంగ వేరు కుళ్లి చస్తుంది, అడుగున్నర ఎత్తులో వేసింది బతుకుతుంది. కలుపు ఆగడమన్నది దాంతోపాటు వచ్చే లాభమే, అదీ సగమే. గాలికీ పిట్టలకీ వచ్చే విత్తనాలు కొన్నే. మిగతాదంతా మనం మోసుకొచ్చిందే: ట్రాక్టరు మట్టిలో, పెంటలో, ఎండుగడ్డిలో, నర్సరీ మొక్క సంచిలో. ఇక చుట్టూ ఉన్న గరిక గోడ సందుల్లోంచి దూరుతుంది. ఈ రెండు దారులూ మూస్తే మిగిలేది చేత్తో పీకేసేంత కలుపే.

మా పెరట్లో ఉన్నది గరికో తుంగో తెలియడం లేదు. రెండూ గడ్డిలాగే ఉన్నాయి.

కాడ తెంపి రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించండి. తుంగ కాడ మూడు పలకలుగా ఉంటుంది, సాఫీగా దొర్లదు. గరిక కాడ గుండ్రంగా, కణుపు కణుపుగా ఉండి నేల మీద పాకుతుంది. అనుమానం తీరకపోతే మొక్క పక్కన నాలుగంగుళాలు తవ్వి చూడండి. నల్లటి చిన్న గడ్డ, దాన్నుంచి దారంలాంటి వేరు, ఆ దారం చివర ఇంకో గడ్డ కనిపిస్తే అది తుంగ. ఆ గడ్డల్నే ముస్తలంటారు, ఆయుర్వేదంలో వాడేవి ఇవే. వాసన చూస్తే మందుల కొట్టు గుర్తొస్తుంది.

ఈ తేడా తెలియడం ముఖ్యం. గరికని నీడతో, అడ్డుగోడతో ఆపొచ్చు. తుంగకి ఆ రెండూ చాలవు.

నేలంతా గరికే. దాని మీదే మడి కట్టి అడుగున్నర మట్టి పోసేస్తే ఊపిరాడక చచ్చిపోదా?

కొంత చస్తుంది, కొంత పైకొస్తుంది. నేల లోపల పాకే కాడల్లో నిల్వ ఉన్న బలంతో అది చాలా దూరం రాగలదు. ముందు గరికని నేలబారుగా కోసి, పారతో పై పొర చెక్కేయండి. తవ్వేటప్పుడు తెల్లగా, గట్టిగా కనిపించే కాడలన్నీ ఏరేయాలి. ఒక్క కణుపు మిగిలినా మళ్లీ మొక్కవుతుంది. ఆ తర్వాత రెండు వరసల అట్ట, అంచులు ఒకదానిమీద ఒకటి అరడుగు ఎక్కేలా పరిచి, బాగా తడిపి, అప్పుడు మట్టి పోయండి. చీకటంటే గరికకి గిట్టదు. అట్ట చివికేలోపు, అంటే మన వానల్లో రెండు మూడు నెలల్లో, చాలామటుకు నీరసించిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి ఉన్నప్పుడు ఈ పని తేలిక. తవ్వి పైకి తీసిన కాడలు అక్కడికక్కడే ఎండి చస్తాయి. జులైలో తవ్వితే నరికిన ప్రతి ముక్కా నారు నాటినట్టే.

అట్టలు పరిస్తే చెదలు పట్టవా?

పడతాయి, ముఖ్యంగా వేసవిలో నేల ఎండినప్పుడు. తడిగా ఉన్నంతకాలం పెద్దగా రావు. ఇంటి గోడకి, చెక్క గుమ్మాలకి ఆనుకుని ఉన్న మడిలో మాత్రం అట్ట వాడకండి. మిగతాచోట్ల భయం లేదు, ఎలాగూ అది చివికిపోవలసిందే. ప్లాస్టిక్ టేపు, పిన్నులు, మెరిసే పూత ఉన్న పెట్టెలు తీసేయండి. అట్ట దొరక్కపోతే న్యూస్‌పేపరు ఎనిమిది పది మడతలు వేసుకోండి.

అడుగున వీడ్ మ్యాట్ వేయమంటున్నారు. డబ్బు దండగా?

అల్లిక ఉన్న నల్ల మ్యాట్ అయితే దండగ కాదు. నీరు కిందికి పోతుంది, గరిక పైకి రాదు. కానీ మడి ఎత్తు కనీసం అడుగు పైన ఉండాలి. ఆరంగుళాల మట్టి కింద మ్యాట్ వేస్తే వంగ, బెండ వేళ్లు అక్కడే ఆగిపోతాయి. మామూలు పాలిథిన్ కవరు మాత్రం అడుగున పరవొద్దు. నీరు దిగక మడి కాస్తా తొట్టి అవుతుంది. ఊట పైపైనే ఉండే ఊళ్లలో ఎత్తు మడి కట్టుకుని మళ్లీ నీరు నిలబెట్టుకోవడం ఎందుకు?

గోడ దేనితో కట్టుకోవాలి? ఇటుక, కొబ్బరి దుంగ, సిమెంటు వర, ఏది మంచిది?

కలుపు సంగతి ఒక్కటే చూస్తే నూతికి వాడే సిమెంటు వర మేలు. అతుకు లేదు, సందు లేదు. ఇటుకల్ని ఊరికే పేర్చి వదిలేస్తే ప్రతి సందూ గరికకి గుమ్మమే. లోపలివైపు సిమెంటు పూయాలి, గోడ అడుగు నేలలోకి అరడుగైనా దిగాలి. నీరు పోవడానికి అక్కడక్కడ చిన్న కన్నాలు ఉంచి, వాటికి వలగుడ్డ అడ్డం పెట్టండి.

కొబ్బరి దుంగలు మన దగ్గర చవకే గానీ నేను వద్దంటాను. రెండు మూడేళ్లకి మెత్తబడి లోపలంతా పొట్టవుతుంది, అందులోంచి గరిక దూరుతుంది. అంతకంటే పెద్ద చిక్కు కొమ్ము పురుగు. కుళ్లిన కొబ్బరి దుంగ దాని పురిటిల్లు. కూరగాయల మడి కోసం కొబ్బరి తోటకి తెగులు తెచ్చుకున్నట్టవుతుంది.

మడి వెడల్పు నాలుగడుగులు దాటనీయకండి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందితేనే కలుపు తీయగలం. మధ్యలో చెయ్యి అందని చోటే అది విత్తనం కడుతుంది.

కొబ్బరి చెట్ల మధ్య మడి కట్టాం. సన్నటి వేళ్లు మడి నిండా అల్లుకున్నాయి. ఇది ఏ కలుపు?

కలుపు కాదు, మీ కొబ్బరి చెట్టే. కింద నుంచి మంచి మట్టి, తడి తగిలితే దాని వేళ్లు పైకొచ్చి తినేస్తాయి. చెట్టు మొదలుకి ఆరేడు అడుగులు వదిలి కట్టుకోవాలి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఏడాదికోసారి మడి ఖాళీ అయినప్పుడు అంచుల్లో పార దింపి కోసేయండి.

## మట్టి నింపేటప్పుడు

కాలువ పూడిక తీస్తున్నారు. ఒండ్రు మట్టి ఫ్రీగా తోలతామంటున్నారు. తీసుకోవచ్చా?

నేను తీసుకున్నాను, రెండేళ్లు అనుభవించాను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీసిన మట్టి. చూడ్డానికి వెన్నలా ఉంది, ట్రాక్టరు పోసి వెళ్లాడు, అదే రోజు మూడు మడులు నింపేశాను. పన్నెండో రోజున బెండ విత్తనాల కంటే ముందు సూదుల్లా లేచింది తుంగ. మడికి వందేమో, రెండొందలేమో, లెక్కపెట్టే ఓపిక లేకపోయింది.

మట్టి తప్పేమీ లేదు, బలమైనదే. తోలించుకుని ఓ మూల జానెడు మందాన పరిచి, తడిపి, రెండు వారాలాగండి. ఏం మొలుస్తుందో చూడండి. తుంగ కనిపిస్తే మట్టిని జల్లెడ పట్టి గడ్డలు తీసేయాలి. ఇసుక జల్లెడ సరిపోతుంది, మట్టి పొడిగా ఉండాలి. ఊద గడ్డి, గలిజేరు లాంటివే అయితే చెక్కేసి వాడుకోవచ్చు. రొయ్యల చెరువుల మట్టి మాత్రం ఫ్రీగా ఇచ్చినా వద్దు. కలుపు మాట అటుంచి, ఉప్పు.

పశువుల పెంట వేశాకే కలుపు విపరీతమైంది. పెంట మానేయాలా?

పెంట మానక్కర్లేదు, పచ్చి పెంట మానాలి. గేదె తిన్న గడ్డిలోని విత్తనాల్లో కొన్ని అరక్కుండా బయటికొస్తాయి. కుప్ప బాగా వేడెక్కితే, అంటే 55 నుంచి 60 డిగ్రీల దాకా వెళ్లి కొన్ని రోజులు నిలిస్తే, ఎక్కువ విత్తనాలు చస్తాయి. అందుకు కుప్ప మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి, తడి ఉండాలి, రెండు మూడుసార్లు తిరగేయాలి. అంచుల్లో వేడి ఉండదు కాబట్టే ఈ తిరగేయడం. గునపం గుచ్చి పది నిమిషాలుంచి తీసి పట్టుకోండి. చెయ్యి నిలవనంత వేడి ఉంటే పని జరుగుతున్నట్టు.

మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో ఉంటుంది. ఇంకా పేడ వాసన వస్తోందంటే ఆగండి.

పాలిథిన్ కప్పి ఎండకి ఉడకబెడితే కలుపు విత్తనాలు చస్తాయట. నిజమేనా?

నిజమే. మన ఎండలకి బాగా పనికొచ్చే పద్ధతి ఇది. రోహిణి కార్తె ఎండ మనల్ని ఉడికించినట్టే మట్టినీ ఉడికిస్తుంది. మడిని చదును చేసి, బాగా తడిపి, పల్చటి పారదర్శకమైన పాలిథిన్ కప్పాలి. నల్లది కాదు, అవతలి వైపు కనిపించేది. షీటు మట్టిని తాకుతూ ఉండాలి, అంచులన్నీ మట్టితో మూసేయాలి. గాలి దూరితే వేడి నిలవదు. ఏప్రిల్ మధ్యలో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలుంచండి. పై రెండంగుళాల్లో వేడి 50 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఊద, తోటకూర, గలిజేరు లాంటి వాటి విత్తనాలు చాలా మటుకు పోతాయి.

గట్టి పెంకు ఉన్న చిక్కుడు జాతి కలుపు విత్తనాలు కొన్ని తట్టుకుంటాయి. తుంగ గడ్డలు లోతుగా ఉంటాయి కాబట్టి దానికి ఇది పూర్తి మందు కాదు. షీటు తీశాక మట్టిని లోతుగా తిరగేయకండి. కింద ఉడకని విత్తనాలు పైకొచ్చేస్తాయి.

కడియం నుంచి మొక్కలు తెచ్చాం. ఆ సంచుల్లోంచే కలుపు వచ్చిందంటారా?

కడియమే కాదు, ఏ నర్సరీ సంచిలోంచైనా రావచ్చు. సంచి పైన శుభ్రంగా ఉంటుంది, అమ్మేవాళ్లు పీకే అమ్ముతారు. గడ్డ లోపల మిగిలిపోతుంది. ఓసారి మల్లె మొక్క నాటబోతూ సంచి కోసి చూస్తే అడుగున, సంచి గోడకి అంటుకుని, ఏడు ముస్తలు మాలలా ఉన్నాయి. ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా పై అంగుళం మట్టి తీసేసి, వేరుముద్ద చుట్టూ ఓసారి చూసి, వారం రోజులు సిమెంటు నేల మీద ఉంచి, అప్పుడే మడిలోకి పంపుతాను.

## విత్తాక

విత్తిన వారానికే మడంతా పచ్చగా అయింది. ఏది తోటకూరో ఏది కలుపో తెలియట్లేదు.

చల్లకండి, వరసల్లో విత్తండి. రెండు పుల్లలకి దారం కట్టి, ఆ గీత మీదే విత్తితే, గీత బయట మొలిచిందంతా కలుపే. ఆలోచించక్కర్లేదు. చిలక తోటకూర, మనం వేసిన తోటకూర మొలకలో ఒకేలా ఉంటాయి. గీత లేకపోతే నిపుణులకి కూడా కష్టమే.

ఇంకో పని. విత్తడానికి రెండు వారాల ముందు మడికి నీళ్లు పెట్టి ఊరుకోండి. పై పొరలో ఉన్న కలుపు మొలుస్తుంది. రెండాకులు రాగానే బొరిగెతో పైపైన, అర అంగుళం కంటే లోతుకి పోకుండా, చెక్కేయండి. ఆ తర్వాత మట్టిని కదపకుండా విత్తండి. ఈ ఒక్క పనితో నాకు కలుపు తీత సగానికి తగ్గింది.

ఎండుగడ్డి కప్పితే వరి మొలకలొచ్చాయి!

నూర్చిన గడ్డిలో వడ్లు మిగులుతాయి, దాంతోపాటు ఊద విత్తనాలూ. కప్పేముందు గడ్డిని నేల మీద కొట్టి దులపండి. లేదా తడిపి పది రోజులు కుప్పగా వదిలేసి, మొలిచినవి ఎండాక వాడండి. కొత్త గడ్డి కంటే ఏడాది నిలవున్న గడ్డి నయం.

మన దగ్గర కప్పడానికి వేరేవి బోలెడున్నాయి: ముక్కలు చేసిన కొబ్బరాకులు, కొబ్బరి డొక్కలు, చెరుకు ఆకు, అరటి డొప్పలు, నిలవున్న కొబ్బరి పొట్టు. పొట్టు పచ్చిదైతే రెండు మూడుసార్లు కడిగి వాడాలి. రెండు మూడు అంగుళాల మందం ఉండాలి, పల్చగా జల్లితే కలుపుకి నీడ కాదు, నారుమడి అవుతుంది. మొక్క కాడకి ఆనించొద్దు. వానల్లో నత్తలు దాక్కుంటాయి కాబట్టి అప్పుడు కాస్త పల్చన చేయండి.

వెండి రంగు మల్చింగ్ షీటు వేసుకోవచ్చా?

వంగ, మిరప, టమాటా లాంటి దూరం దూరం మొక్కలకి వేసుకోవచ్చు, కింద డ్రిప్పు పైపు ఉండాలి. ఆకుకూరలకి కుదరదు. తుంగ ఉన్న మడిలో డబ్బులు పోసినట్టే: దాని మొలక సూదిలా ఉంటుంది, పల్చటి షీటుని గుచ్చుకుని బయటికొచ్చేస్తుంది. నెల రోజుల్లో షీటు జల్లెడవుతుంది.

గోడ బాగానే ఉంది. గరిక గోడ ఎక్కి మరీ లోపలికొస్తోంది!

అది పాకే జాతి, పదంగుళాల గోడ దానికి లెక్క కాదు. గోడ చుట్టూ ఒకటిన్నర అడుగు వెడల్పున ఖాళీ బాట ఉంచండి. అక్కడ గరిక ఉండకూడదు. బాటలో విరిగిన ఇటుకలు పరవొచ్చు, లేదా అట్ట వేసి దాని మీద మిల్లు ఊక మూడంగుళాలు పోయొచ్చు. ఊక మన దగ్గర దొరకని ఊరు లేదు. రోజూ నీళ్లు పోయడానికి వెళ్లేటప్పుడు బాట దాటి వస్తున్న తీగ కనిపిస్తుంది, కాలితో తొక్కి చేత్తో లాగేయడమే. బాట లేకపోతే ఆ తీగ మడిలో వేరు పట్టాకే కనిపిస్తుంది.

అంచులు పక్కా చేయాలంటే పాత రేకు ముక్కలు అడుగు లోతుకి నిలువుగా పాతి, రెండంగుళాలు పైకి ఉంచండి. చేతులు కోసుకోకుండా పై అంచు వంచేయండి.

కాలువలోని గుర్రపు డెక్క తెచ్చి కప్పొచ్చా?

పూలు లేనప్పుడు తెచ్చి, సిమెంటు నేల మీద కరకరలాడేలా ఎండబెట్టి కప్పొచ్చు. పొడి నేల మీద అది బతకదు. కానీ దాని వేళ్లలో వేరే కలుపు విత్తనాలు చిక్కుకుని ఉంటాయి, అందుకని వేళ్లు కోసి పారేసి ఆకులే వాడండి. మురుగు కాలువలోది వద్దు.

## వానల్లో

తుంగ పీకేకొద్దీ వస్తోంది. విసుగొచ్చేసింది. దీనికి అంతం లేదా?

ఉంది, కానీ తీరిక కావాలి. తుంగ గడ్డల నుంచే వ్యాపిస్తుంది, విత్తనం నుంచి వచ్చేది చాలా తక్కువ. ఒక్క గడ్డ ఒక్క వానాకాలంలో పదులకొద్దీ గడ్డలు పెడుతుంది. మనం పైన ఆకు పట్టుకుని లాగితే కాడ తెగి చేతిలోకొస్తుంది, గడ్డ లోపలే ఉండి పక్క మొగ్గ నుంచి మళ్లీ లేస్తుంది. పీకేశామని మనం అనుకుంటాం, దానికి అది క్షవరం.

మడి చిన్నది కాబట్టి మనకి రెండు దారులున్నాయి. మొదటిది తవ్వి తీయడం. గడ్డలు ఎక్కువగా పై అరడుగులోనే ఉంటాయి, అడుగు దాటి వెళ్లేవి అరుదు. పంట అయిపోయాక, నేల పొడిగా ఉన్నప్పుడు, మడి మట్టినంతా అడుగు లోతు వరకు ఎత్తి జల్లెడ పట్టడం. పది అడుగుల మడికి ఇద్దరికి ఒక పూట పని. మా ఆయన గొణుక్కుంటూనే చేశారు, సాయంత్రానికి బకెట్టులో సగం ముస్తలు. ఆ మడిలో మరుసటి ఏడు మొత్తం కలిపి ఇరవై పిలకలు కూడా రాలేదు.

రెండోది నీరసింపజేయడం. పిలక పైకొచ్చి నాలుగైదు ఆకులు వేసేదాకా గడ్డలోని నిల్వే ఖర్చవుతుంది. ఆ తర్వాత ఆకు సంపాదించి కొత్త గడ్డలు పెడుతుంది. అంటే పది పన్నెండు రోజులకోసారి, తప్పకుండా, ప్రతి పిలకనీ బొరిగె లోతుగా దింపి గడ్డతో తీయాలి. ఒక్కసారి మానేస్తే గడ్డ మళ్లీ నింపుకుంటుంది. రెండు సీజన్లు పడుతుంది. దాంతోపాటు నీడ: తుంగకి నీడంటే పడదు. ఆ మడిలో ఉల్లి, వెల్లుల్లి లాంటి సన్నాకు పంటలు వేయకండి. కంద, చిలగడదుంప, తీగ బచ్చలి లాంటి నేల కప్పేసేవి వేయండి. కంద గొడుగుల కింద తుంగ ఎలా పాలిపోయి వాలిపోతుందో చూస్తే కడుపు నిండుతుంది.

నెల రోజులు ఊళ్లో లేం. వచ్చేసరికి మడులు అడవైపోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

విత్తనం కట్టినవాటి నుంచి. మడి మడీ శుభ్రం చేయాలని కూర్చోకండి. ముందు అన్ని మడుల్లోనూ పూత, కంకి కనిపించినవి తలలు కోసి సంచిలో వేసేయండి. ఆ తర్వాత నింపాదిగా ఒక్కో మడీ తీసుకోండి. పాయల కూర పీకి అక్కడే పడేయొద్దు. దాని కాడ ముక్క తడి తగిలితే వేరు పడుతుంది, పీకిన మొక్క మీదే విత్తనం కూడా పండుతుంది.

మళ్లీ ఊరెళ్లేటప్పుడు ఖాళీ మడుల్లో జనుము గానీ పిల్లిపెసర గానీ దట్టంగా చల్లి వెళ్లండి. వచ్చాక పూత ముందు కోసి అక్కడే కప్పేయొచ్చు.

వరద నీరు మడుల మీదికొచ్చింది. నీరు తీశాక ఏం చేయాలి?

1986 ఆగస్టు వరద, 2022 జులై వరద చూసిన గోదారి మధ్య లంక ఊళ్లవాళ్లకి తెలుసు, గోదారి ఒండ్రుతోపాటు ఎక్కడెక్కడి విత్తనాలో తెచ్చి పడేసి పోతుంది. తడి మీద ఉండగా మడిలో చెయ్యి పెట్టకండి, మట్టి ముద్దకట్టి ఇటుకవుతుంది. పైన పెచ్చు కట్టేదాకా ఆగి, మొలిచినవి రెండాకుల దశలో చెక్కేయండి. కొట్టుకొచ్చిన తూటి కాడ ముక్కలు ఒక్కటి కూడా వదలొద్దు, అవి కణుపు దగ్గర వేరు పట్టేస్తాయి. మునిగిన ఆకుకూరలు తినకండి, తీసేయండి.

మడి పక్కన వయ్యారిభామ మొలిచింది. ముట్టుకుంటే దురద అంటున్నారు?

కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, దగ్గు, ఆయాసం కూడా వస్తాయి. గ్లౌజులు వేసుకుని, పొడుగు చేతుల చొక్కాతో, తెల్ల పూలు రాకముందే వేరుతో పీకండి. ఒక్కో మొక్క వేలల్లో విత్తనాలు వేస్తుంది. 1950లలో పుణె దగ్గర కనిపించిన మొక్క ఇవాళ మన పంటకాలువ గట్ల దాకా వచ్చిందంటే ఆ విత్తనాల వల్లే. పాడి పశువులకి వేయొద్దు, పాలు చేదవుతాయి.

## మందులు, చిట్కాలు

ఉప్పు, వెనిగర్, సర్ఫు కలిపి కొడితే కలుపు మాడిపోతుందని వీడియోలో చూశాం.

ఆకు మాడుతుంది, వేరు బతుకుతుంది, ఉప్పు మాత్రం మట్టిలో ఉండిపోతుంది. సముద్రం పక్కన, కాలువ చివరి భూముల్లో ఉప్పు పోగొట్టుకోలేక రైతులు అల్లాడుతుంటే, మనం కొని తెచ్చి పోసుకోవడమా? ఇటుకల సందుల్లో గడ్డికైతే మరిగే నీళ్లు పోయండి, అది చాలు.

గడ్డి మందు ఒక్కసారి కొట్టేస్తే పోదా?

కూరగాయల మడిలో వద్దు. గ్లైఫోసేట్ లాంటి మందు పచ్చగా ఉన్న దేన్నైనా చంపుతుంది, గరిక ఏదో వంగ ఏదో దానికి తెలియదు. 2,4-డి అనే ఇంకో మందు వెడల్పాకు మొక్కల్ని చంపి గరికని వదిలేస్తుంది, అంటే మనకి సరిగ్గా రివర్సు. నాలుగడుగుల వెడల్పులో ఆరు రకాల కూరలు పెట్టుకునే చోట మందుకి చోటు లేదు.

మందు మేం కొట్టలేదు. అయినా టమాటా ఆకులు మెలికలు తిరిగి దారాల్లా అయ్యాయి.

పక్క వరి చేలో ఈ మధ్య కలుపు మందు కొట్టారేమో కనుక్కోండి. 2,4-డి తుంపర గాలికి కొద్దిగా తగిలినా టమాటా, బెండ ఆకులు మెలిపడతాయి. వైరస్ తెగులు కూడా ఇలాగే కనిపిస్తుంది. కానీ మందు దెబ్బయితే చేను వైపున్న మొక్కలన్నిటికీ ఒకేసారి వస్తుంది. చేను రైతుతో గొడవెందుకు, కొట్టే రోజు ముందుగా చెప్పమనండి, ఆ పూట పాత చీర అడ్డం కట్టుకోండి.

## పీకిన కలుపు

పీకినదంతా కంపోస్టులో వేసేయొచ్చా?

పూత రాని లేత కలుపు వేయొచ్చు. గరిక కాడలు, తుంగ గడ్డలు, విత్తనం కట్టినవి వద్దు. డాబా మీద ఎండలో రెండు వారాలు పరిచి పూర్తిగా ఎండాక వేయండి. వానాకాలం ఎండ ఉండదు కాబట్టి నీళ్ల డ్రమ్ములో ముంచి మూత పెట్టి నెల రోజులు కుళ్లబెట్టండి. కంపు భరించలేం, డ్రమ్ము ఇంటికి దూరంగా పెట్టుకోండి. ఆ నీరు పదింతలు నీళ్లు కలిపి మొక్కలకి పోయొచ్చు.

కలుపులో తినేవి కూడా ఉన్నాయి కదా. పీకి పారేయాలంటే మనసొప్పదు.

పారేయకండి. పొన్నగంటి, పాయల కూర, చిలక తోటకూర మా ఇంట్లో పప్పులోకే పోతాయి. బాగా గుర్తుపట్టగలిగినవే కోయండి. రోడ్డు పక్కవీ మురుగు కాలువ గట్టు మీదవీ, మందు కొట్టిన చేల దగ్గరవీ వద్దు.

గరిక మొత్తం తీసేస్తే వినాయక చవితికి పత్రి ఎక్కడి నుంచి తేవాలండీ?

మా అత్తగారు అడిగిన ప్రశ్న ఇది. చవితి వచ్చేదీ గరిక పొగరు మీద ఉండేదీ ఒకే నెలల్లో. ఉత్తరేణి కూడా ఇరవై ఒక్క పత్రిలో ఉంది, అదీ కలుపే. అందుకని పాత ఇత్తడి గంగాళంలో అడుగున చిల్లి పడినదాన్ని డాబా మీద, మడులకి దూరంగా పెట్టి, అందులో ఓ గుప్పెడు గరిక పెంచుతున్నాం. అంచు దాటి వేలాడిన తీగ వారానికోసారి కత్తిరిస్తాను. ఉత్తరేణి మాత్రం ఆవిడ వీధి చివర ఖాళీ స్థలంలోంచే కోసుకొస్తారు. దాని ముల్లు గింజలు చీర కుచ్చిళ్లకి అంటుకుని పెరట్లోకి వస్తాయి కాబట్టి, గుమ్మం బయటే దులిపించి లోపలికి రానిస్తాను.